జత తప్పని శనివారాలు

1991లో, నెల్లూరు జిల్లా అంతటా అక్షరాస్యతా ఉద్యమం నడుస్తున్న రోజుల్లో, ఇంటర్మీడియట్ చదువుతున్న నేను మా ఊరి రామాలయం అరుగు మీద పదిహేను మంది ఆడవాళ్లకు రాత్రిపూట అక్షరాలు నేర్పాను. అప్పటికి నాకు పదిహేడేళ్లు. నా ముందు పలకలు పట్టుకుని కూర్చున్నవారిలో చిన్నప్పుడు నన్ను చంకన వేసుకుని తిప్పినవారు కూడా ఉన్నారు. జాతీయ అక్షరాస్యతా మిషన్ పెట్టుకున్న లక్ష్యం 15 నుంచి 35 ఏళ్ల మధ్య వయసువారు కాబట్టి, కోడళ్ల వెంట వచ్చి గోడకు ఆనుకుని కూర్చునే ఐదుగురు అవ్వల పేర్లు నా రిజిస్టరులో రాసుకోవడానికి వీలు లేకపోయింది. ఏ లెక్కలోనూ లేని ఆ ఐదుగురే, నాట్లు పడినా ముసురు పట్టినా ఒక్క రాత్రి కూడా మానకుండా వచ్చారు.

వాళ్లు అక్షరాల కోసం వచ్చారని నేను అనుకోను. పలక ముట్టుకున్నది ఇద్దరే. మిగిలిన ముగ్గురూ వింటూ ఉండేవారు, మధ్యలో మాట అందుకునేవారు, వాచకంలో వడ్ల ప్రస్తావన వస్తే మొలగొలుకులు ఏ చేలో బాగా పండేవో, ఏ ఏడు పెన్న పొంగి ఎవరి నారుమడి కొట్టుకుపోయిందో చెప్పేవారు. చదువుతున్న కోడళ్లు పలకలు ఒడిలో పెట్టుకుని వాళ్ల వైపు తిరిగిపోయేవారు. పాఠం వెనకబడుతోందని నాకు కష్టంగా ఉండేది. మూడు వాచకాలూ గడువులోగా పూర్తి చేయించి పరీక్షకు కూర్చోబెట్టడమే నా పని అని నమ్మినదాన్ని. ఒక దీపం చుట్టూ మూడు తరాలు ఇష్టపడి కూర్చోవడం ఎంత అరుదైన సంగతో నాకు చాలా ఏళ్ల తరవాత గాని తెలియలేదు.

ఆ కేంద్రం ఏడాదిన్నర నడిచింది. మూడో వాచకం అయిపోయింది, పరీక్ష జరిగింది, దీపానికి కిరోసిన్ రావడం ఆగింది, నేను డిగ్రీ చదువుకు నెల్లూరు వెళ్లిపోయాను. దాన్ని ఎవరూ మూయలేదు; తెరిచేవాళ్లు లేకపోయారు.

అదే జిల్లాలో, అవే చదువుల్లోంచి పుట్టిన రెండు పనులు ఎంత దూరం వెళ్లాయో మా ప్రాంతం వారికి నేను చెప్పనక్కరలేదు. తాగుబోతు భర్తతో వేగే ఇల్లాలి కథను వాచకంలో చదివి, దాని మీద మాట్లాడుకుని, దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. 1992లో ఆ కదలిక జిల్లా అంతటా పాకి, తరవాత రాష్ట్రమంతా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలయ్యే దాకా వెళ్లింది. దాని వెనుకనే, తాగుడుకు పోని డబ్బును రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకునే పొదుపు లక్ష్మి మా జిల్లాలో మొదలైంది. మా అరుగు మీద చదువుకున్న పదిహేను మందిలో తొమ్మిది మంది ఒక పొదుపు సంఘంలో చేరారు. ముప్పై ఏళ్లు దాటింది. సంఘం పేరు మారింది, ఖాతా ఉన్న బ్యాంకు మారింది, సభ్యుల్లో కొందరి చోటికి వాళ్ల కోడళ్లు వచ్చారు, కాని సంఘం ఈనాటికీ నెలనెలా కూర్చుంటూనే ఉంది.

చదువు కేంద్రం ఆగిపోయి పొదుపు సంఘం ఎందుకు నిలిచిందన్న ప్రశ్న నాకు సొంత ప్రశ్న. రెండింటిలోనూ ఉన్నది అవే మనుషులు, కూర్చున్నది అదే అరుగు. డబ్బు ఉంది కాబట్టి సంఘం నిలిచిందని కొందరు అంటారు గాని, డబ్బు ఉండి కూలిపోయిన సంఘాలను నేను చాలా చూశాను. సంఘానికి ఒక తేదీ ఉంది, ఆ తేదీ ఎవరి సౌకర్యాన్ని బట్టీ మారదు. ఒక పుస్తకం ఉంది, అందులో ప్రతి మనిషికీ ఒక పుట ఉంది. ఇద్దరు లీడర్లు ఉన్నారు, కొన్నేళ్లకు మారతారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక మనిషి రాకపోతే ఆ సాయంత్రమే ఇంకొకరు ఆమె గడపలో నిలబడి ఎందుకు రాలేదని అడుగుతారు. నా చదువు కేంద్రంలో రాని వాళ్ల పేరు ఎదురుగా నేను ఒక సున్నా చుట్టేదాన్ని, అంతే.

ఇదంతా అర్థం కావడానికి ముందు నేను ఇంకొక పొరపాటు చేశాను. ఉపాధ్యాయురాలినై, తిరిగి తిరిగి మా మండలానికే బదిలీ అయి వచ్చాక, 2014 అక్టోబరు 1న, ప్రపంచ వృద్ధుల దినోత్సవం నాడు, ఊళ్లోని పెద్దలనూ బడి పిల్లలనూ ఒకచోట కూర్చోబెట్టాను. శాలువాలు కప్పాం. పిల్లలు కంఠస్థం చేసిన ప్రసంగాలు ఒప్పజెప్పారు. పెద్దలు ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకే వరసలో, ఫొటోకు కూర్చున్నట్టు, గంటన్నర కదలకుండా కూర్చున్నారు. అది బాగా జరిగిందని అందరూ అనడంతో నెలకొకసారి జరపాలని నిర్ణయించాం. ఒక స్వచ్ఛంద సంస్థ రెండేళ్లకు సాయం చేస్తామని ముందుకు వచ్చి బ్యానరు, టోపీలు, మధ్యాహ్న భోజనం ఏర్పాటు చేసింది. ఎనిమిదో నెలకు నాకు బదిలీ వచ్చింది. నేను వెళ్లిన తరవాత రెండు భోజనాలు జరిగాయి, ఆ పైన ఆ సంస్థ దృష్టి మరో పథకం మీదికి మళ్లింది, భోజనం లేని నెలలో ఇద్దరే వచ్చారని విన్నాను. బ్యానరు ఒక పశువుల పాక మీద కప్పుగా చాలాకాలం కనబడింది.

ఆ వైఫల్యంలో సంస్థ తప్పు కంటే నా తప్పే పెద్దది. పెద్దలను గౌరవించడం ఒక కార్యక్రమం అని నేను అనుకున్నాను. గౌరవం ఇచ్చేవాడికి ఒక పూట పని, పుచ్చుకునేవాడికి ఒక పూట ఊరట. రెండో నెలకు ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని ఉండదు. పిల్లలు తాతలను వేదిక మీద చూశారు గాని ఒక్క పిల్లవాడూ ఒక్క తాత పక్కన కూర్చోలేదు. ఆ ఎనిమిది నెలల్లో ఎవరి పేరు ఎవరికి తెలిసిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నా కళ్లు తెరిపించింది కోలాటం. 2017లో మళ్లీ మా ఊరికి వచ్చేసరికి, ఊళ్లో ఒక గురువును పిలిపించి కోలాటం నేర్చుకున్న జట్టు ఒకటి తయారై ఉంది. అందులో మూడో తరగతి పిల్ల నుంచి మనవరాళ్లు ఉన్న ఆడవాళ్ల దాకా ఉన్నారు. ఏ ప్రభుత్వ పథకమూ, ఏ సంస్థా వాళ్ల వెనుక లేదు. గురువుకు ఇచ్చే సొమ్ము, ఒకే రంగు చీరలు, కర్రలు, అన్నీ తలా కొంత వేసుకుని కొనుక్కున్నవే. శ్రీరామనవమి, ధనుర్మాసం, పక్క ఊరి తిరునాళ్లు, ఇలా ఊరి పంచాంగమే వాళ్ల కాలపట్టిక. ఒక రాత్రి వాళ్ల సాధన చూస్తూ కూర్చున్నాను. ఒక అమ్మాయికి జ్వరం వచ్చి రాలేదు. అరవై దాటిన ఒకావిడ కర్రలు పట్టుకుని ఎదురుగా ఎవరూ లేని ఖాళీలో నిలబడి, "నా జత ఏదే?" అని కేక వేసింది. ఆట ఆగింది. ఇద్దరు పిల్లలు ఆ అమ్మాయి ఇంటికి పరిగెత్తారు. ముప్పై మంది ఉన్న గుంపులో ఒకరు రాకపోతే అంత స్పష్టంగా తెలిసేది, రెండో కర్ర తగలడానికి ఎదురు కర్ర లేకపోవడం వల్లనే.

ఆ మాటే పట్టుకుని ఆ ఏడు జూన్‌లో, బడులు తెరిచిన రెండో వారంలో, తొమ్మిది జతలతో మళ్లీ మొదలుపెట్టాను. ఒక పిల్ల లేదా పిల్లవాడు, ఒక పెద్ద. రక్త సంబంధం ఉండకూడదన్నది ఒక నియమం. సొంత అవ్వ ఎలాగూ ఇంట్లో ఉంటుంది, లేదా ఉండి కూడా మాట్లాడే తీరిక ఉండదు. ఒక్కో జతకు ఒక నోటుపుస్తకం. మొదటి పావుగంట పిల్ల తన పాఠం పైకి చదువుతుంది, పెద్ద వింటుంది. చదువు రాని పెద్దలే ఈ పనికి మేలని నేను అనుభవం మీద చెప్పగలను, ఎందుకంటే చదువు వచ్చినవారు తప్పు దిద్దుతారు, రానివారు "అంటే ఏందమ్మా?" అని అడుగుతారు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పిల్లకు పాఠం నిజంగా అర్థమై ఉండాలి. తరవాత పావుగంట పెద్ద చెబుతుంది, పిల్ల పుస్తకంలో రాస్తుంది. ఏం చెప్పాలో మేం నిర్ణయించం. ఒక తాత రెండేళ్లపాటు మా చెరువు కింది తూములు, కాలవలు, చేల పేర్లు మాత్రమే చెప్పాడు. ఇప్పుడు ఆ నోటుపుస్తకం మా ఊరి గురించి ఉన్న అతి వివరమైన పత్రం. ఒక అవ్వ నెలల తరబడి ఏమీ చెప్పక ఊరికే చిక్కుళ్లు ఒలిచింది, పిల్ల కూడా ఒలిచింది. ఆ పుస్తకంలో తేదీలు తప్ప ఏమీ లేవు. ఆ జతే అందరికంటే ఎక్కువ కాలం నిలిచింది.

ఆ మిగిలిన సమయం పెద్దల అవసరాలకు. మందుల అట్ట మీద తేదీ చదవడం, కరెంటు బిల్లు చూడడం, బెంగళూరులో ఉన్న కొడుక్కి వీడియో కాల్ కలపడం. మొదట్లో బ్యాంకు పాసుపుస్తకాలు కూడా తెచ్చేవారు; ఒకావిడ ఖాతాలో ఎంత ఉందో పిల్లవాడు అమాయకంగా ఇంట్లో చెప్పగా అది ఆమె కోడలి చెవిన పడి పెద్ద రచ్చ అయింది. ఆ వారం ఈ పని చూసుకునే మేం ముగ్గురం ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకుని, పాసుపుస్తకం, పింఛను కాగితాలు పిల్లల చేతికి ఇవ్వరాదని నియమం రాసుకున్నాం. ఇటువంటి నియమాలు ముందుగా తట్టవు.

ఎక్కడ కూర్చోవాలన్నది నేను అనుకున్నదానికంటే పెద్ద ప్రశ్న అయింది. అలవాటు కొద్దీ రామాలయం అరుగు అన్నాను. మొదటి శనివారం దళితవాడ నుంచి పిల్లలు వచ్చారు గాని పెద్దలు ఒక్కరూ రాలేదు. వాళ్లు ఎందుకు రాలేదో ఎవరూ నాకు చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. 1991లోనూ వాళ్లకు వేరే కేంద్రం ఉండేది, దాన్ని అప్పుడు నేను ప్రశ్నించలేదు. రెండో వారం నుంచి బడి వరండాకు మారాం. అందుకు అరుగు మీద కూర్చునే పెద్దల్లో ఇద్దరు మానుకున్నారు. వాళ్లను తిరిగి రప్పించడం కోసం చోటు మార్చలేదు. తరాలను కలుపుతామని చెప్పుకుంటూ, పెద్దలంటే ఊరి నడిబొడ్డు పెద్దలేనని అనుకుంటే, ఆ కలయిక ఊరిలో సగానికి మాత్రమే చెందుతుంది, సగం ఊరు మోసేది ఎంతో కాలం నిలవదు.

వేళ విషయంలో మమ్మల్ని నడిపించింది పాల కేంద్రం. సాయంత్రం అయిదున్నరకు పాలు పోయాలి, అంతకు ముందు పితకాలి. ఆరు దాటితే వంట. ఆదివారం పిల్లలు దొరకరు, క్రికెట్టుకు పోతారు. అందుకని శనివారం నాలుగున్నర. ఈ వేళ కనుక్కోవడానికి మూడు నెలలు పట్టింది, కాని ఒకసారి కుదిరాక మనుషులను పిలవవలసిన పని తప్పిపోయింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పరీక్షలకు ఆపుతాం. మే నెలలో హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి సెలవులకు వచ్చిన మనవలతో వరండా నిండిపోతుంది. సంక్రాంతి వారం జరపడం అసాధ్యమని రెండు సార్లు ప్రయత్నించి తెలుసుకున్నాం.

ఖర్చు పెద్దగా లేదు. టీ, ఉడికించిన శనగలు, ఏడాదికొకసారి నోటుపుస్తకాలు. నెలకు తొమ్మిది వందల రూపాయలు దాటదు. పొదుపు సంఘం పద్ధతిలోనే ఇరవై ఇళ్లు తలా యాభై వేస్తాయి. ఒకరే మొత్తం ఇస్తానంటే తీసుకోవడం లేదు. అయితే డబ్బు విషయంలో పట్టుదల మితిమీరకూడదని కూడా నేర్చుకున్నాను. అమెరికాలో బాల్టిమోర్ నగరంలో, పెద్ద వయసువారిని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో మూడో తరగతి దాకా పిల్లల చదువుకు తోడుగా పెట్టిన ఎక్స్‌పీరియన్స్ కోర్ అనే కార్యక్రమం గురించి చదివినప్పుడు, వాళ్లు వారానికి కనీసం పదిహేను గంటలు పని చేయించి, దారి ఖర్చులకు సరిపోయే చిన్న మొత్తం ఇచ్చేవారని తెలిసింది. సేవకు డబ్బేమిటని మొదట నాకు నచ్చలేదు. తరవాత మా ఊరి చివరి వాడ నుంచి మోకాళ్ల నొప్పులతో వచ్చే ఒక అవ్వ ఆటోకు పోను రాను ఇరవై రూపాయలు పెట్టుకోలేక మానేస్తోందని తెలిసింది. అప్పటి నుంచి ఆమె ఆటో డబ్బు టీ ఖర్చులోనే రాస్తున్నాం. పేదవారి చేత సొంత ఖర్చుతో సేవ చేయించుకునే ఏర్పాటు కలిగినవారి కాలక్షేపంగా మిగులుతుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు అప్పటికి పద్నాలుగు జతలు ఉన్నాయి. వరండా మూతబడింది. నేను ఏమీ చేయలేదు, చేయవలసిందేమిటో నాకు తోచలేదు. రెండు నెలల తరవాత విచారిస్తే తొమ్మిది జతలు శనివారం నాలుగున్నరకు ఫోనులో మాట్లాడుకుంటున్నాయని తెలిసింది. ఎవరూ చెప్పలేదు. ఒక పిల్లవాడు ఫోను లేక రోడ్డుకు ఇవతల నిలబడి, అరుగు మీద కూర్చున్న తాతతో కేకలు వేసి మాట్లాడేవాడట.

2021 వేసవిలో ఇద్దరు పెద్దలు పోయారు. ఈ పని చేసేవారు ఎవరూ ముందుగా ఆలోచించని విషయం ఇది, ఆలోచించక తప్పని విషయం కూడా. పదేళ్ల పిల్లను డెబ్బై అయిదేళ్ల అవ్వ పక్కన కూర్చోబెట్టి ప్రేమ పెంచుకోమన్నప్పుడు, ఆ పిల్లకు ఒక చావును కూడా మనమే దగ్గర చేస్తున్నాం. జతలో పెద్ద పోయిన ఒక అమ్మాయికి మూడో రోజునే ఇంకొకరిని చూపించాను, దుఃఖం మరిచిపోతుందని. ఆ అమ్మాయి రావడం మానేసింది. వాళ్ల అమ్మ నాతో ఒక్క మాటే అంది: "ఆయమ్మ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టినావు టీచరమ్మా." ఆమె అన్నది నిజం. తరవాత మేం పద్ధతి మార్చుకున్నాం. నోటుపుస్తకం పిల్లకే చెందుతుంది. పెద్దకర్మ అయ్యాక వచ్చే శనివారం, ఆ పుస్తకంలోంచి పిల్ల తనకు నచ్చిన పుట అందరి ముందూ చదువుతుంది, ఇష్టమైతేనే. ఆ పైన కొత్త జత కావాలో, ఎప్పుడు కావాలో తనే చెబుతుంది. ఆ అమ్మాయి ఏడు నెలల తరవాత వచ్చి, చెరువు తూముల తాత పక్కన ఖాళీ ఉందా అని అడిగింది.

పిల్లలు కూడా పోతారు, వేరే విధంగా. నాలుగో తరగతిలో చేరిన పిల్ల పదో తరగతి తరవాత హాస్టలుకు వెళ్లిపోతుంది. అంటే ఒక జత ఆయుష్షు ఏడేళ్లకు మించదు. ప్రతి జూన్‌లో ఎవరెవరు మిగిలారో చూసి కొత్త జతలు కూర్చుకోవాలి, నారు పోసినట్టు ఏటా చేయవలసిన పని అది. పెద్ద కొరత మధ్య తరానిది. ఇరవై నుంచి నలభై ఏళ్లవారు ఊళ్లో లేరు, ఉన్నవారికి తీరిక లేదు. తాతలూ మనవలూ కలిసినంత మాత్రాన తరాలన్నీ కలిశాయని చెప్పుకోలేను.

తాళంచెవి సంగతి చివరగా. బదిలీతో ఒకసారి, డిగ్రీ చదువుతో ఒకసారి, నా చేతుల్లోనే రెండు సార్లు ఈ పని ఆగింది. మూడోసారి ఆగకూడదని, 2019 నుంచి వరండా తాళం, జమాఖర్చుల పుస్తకం ఎప్పుడూ ఇద్దరి దగ్గర ఉండేట్టు చూశాం. ఒకరు యాభై దాటినవారు, ఒకరు పాతికలోపు వారు, రెండేళ్లకు మారాలి. వదులుకోవడం నాకు తేలిక కాలేదు. మొదటి ఏడాది వాళ్లు లెక్క తప్పు రాసిన ప్రతిసారీ పుస్తకం నా దగ్గరికి తెప్పించుకుని దిద్దాను, అలా దిద్దినన్నాళ్లూ వాళ్లు తప్పులు రాస్తూనే ఉన్నారు. ఇప్పుడు తాళం కోలాటంలో జత కోసం కేక వేసిన ఆవిడ దగ్గర, మొదటి తొమ్మిది జతల్లో ఒకతెగా చేరి ఈ మధ్యనే నర్సింగ్ పూర్తి చేసిన అమ్మాయి దగ్గర ఉంది.

పోయిన వారం పాల కేంద్రం వాళ్లు వేళ మార్చి, ఇక మీదట అయిదుకే పాలు పోయాలన్నారు. శనివారం ఏం చేయాలా అని నేను రెండు రోజులు ఆలోచించి, కొందరిని అడిగి చూద్దామనుకుంటూ ఉండగా, ఆ అమ్మాయి ఫోను చేసి, ఈ వారం నుంచి నాలుగింటికే మొదలుపెడుతున్నామని, అందరికీ చెప్పేశామని, నన్ను ఆలస్యం కాకుండా రమ్మని చెప్పింది.